మట్టిలో మాణిక్యాల వార్తలు మనకేం నేర్పుతున్నాయి

ఫలితాల సీజన్లో జిల్లా పేజీ తెరిస్తే ఆ వార్త ఉండి తీరుతుంది. తల్లి కూలికి పోతుంది. తండ్రి ఆటో నడుపుతాడు, లేదంటే చిన్నప్పుడే చనిపోయాడు. బిడ్డకు ర్యాంకు వచ్చింది. పైన శీర్షిక "మట్టిలో మాణిక్యం" అనో "పేదింట విద్యాకుసుమం" అనో ఉంటుంది. ఫొటోలో తల్లి బిడ్డకు స్వీటు తినిపిస్తూ ఉంటుంది.

అది చూసి సంతోషించని మనిషి ఉండడు. నాకూ కళ్లు చెమరుస్తాయి. అయినా ఏళ్లుగా ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇలాంటి ఇళ్ల పిల్లలకే పాఠాలు చెప్తున్న మనిషిగా నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఈ వార్తలు పేదరికం గురించి మనకు తప్పు పాఠం నేర్పుతున్నాయి. పట్టుదల ఉంటే ఎవరైనా పైకి రావచ్చు, రాలేదంటే లోపం వాళ్లదే అన్నది ఆ పాఠం. దాన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఏటా, అదే నెలలో, అదే శీర్షిక కింద చదువుతూ పోతే మనకు తెలియకుండానే ఒంటబట్టేస్తుంది.

లెక్క చూడండి. 2024లో దేశం మొత్తం మీద జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షలకు పైగా ఉన్నారు. ఆ ఏడాది ఐఐటీల్లో ఉన్న సీట్లు 17,740. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ వీధి దీపం కింద కూర్చుని తెల్లార్లూ చదివినా సీట్లు 17,740 దగ్గరే ఆగుతాయి. పేపర్లో వచ్చిన ఆ ఒక్క మొహం నిజమే. మిగతా లక్షల మందికి ఏం జరిగిందన్నదీ అంతే నిజం. దానికి మాత్రం పేజీలో చోటు లేదు.

మా కాలేజీలో చదివిన ఒక అమ్మాయికి వరంగల్ ఎన్ఐటీలో సీటొచ్చింది. పేరు చెప్పను, ఇప్పుడు తన బతుకు తను బతుకుతోంది. వాళ్లమ్మ మిర్చి ఏరడానికి, పత్తి తీయడానికి పోతుంది. వార్త తెలిసి ఒక విలేకరి ఫోన్ చేశాడు. ఊరికి దారి చూపించడానికి నేనూ వెళ్లాను. అక్కడ ఉన్నది చిన్న స్లాబు ఇల్లు, ప్రభుత్వ పథకంలో కట్టుకున్నది. అది చూడగానే అతని మొహంలో ఉత్సాహం తగ్గింది.

"మేడమ్, వాళ్లకు పాత ఇల్లేమన్నా ఉందా? రేకులదైనా పర్లేదు" అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. లేదన్నాను. చివరికి పక్కింటివాళ్ల కొట్టం ముందు తల్లీకూతుళ్లను నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. మర్నాడు పేపర్లో "సెలవుల్లో కూలికి వెళ్తూ చదివి..." అని వచ్చింది. ఆ తల్లికి చదివి వినిపిస్తే ఆమె అడిగిన మాట నేను మర్చిపోలేను. "హాస్టల్ల ఉంటది కదా మేడమ్, నా బిడ్డ కూలికెప్పుడు పోయింది?"

అతను రాయనిదేమిటో నాకు తెలుసు. ఆ అమ్మాయి ఆరో తరగతి నుంచీ ఎస్సీ సంక్షేమ హాస్టల్లో ఉంది. పుస్తకాలు ప్రభుత్వం ఇచ్చింది. మా ఫిజిక్స్ సారు సాయంత్రం బెల్లు కొట్టాక కూడా నలుగురైదుగురు పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చేయించేవాడు. సీటు రిజర్వేషన్‌లో వచ్చింది. ఎన్ఐటీల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు లేదు కాబట్టే ఆమె చేరగలిగింది. ఇవన్నీ ఆ విలేకరికి నేనే చెప్పాను, నోట్‌బుక్కులో రాసుకున్నాడు కూడా. వార్తలో ఒక్క ముక్క రాలేదు. పేపర్లో ఆ అమ్మాయి ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా, ఆకలినీ చీకటినీ ఓడించింది.

హాస్టలు గురించి రాస్తే ఆమె గొప్పతనం ఏమీ తగ్గదు. ఆ హాస్టల్లోనే ఉండి, అదే అన్నం తిని, అంతే కష్టపడి ర్యాంకు రానివాళ్లు ఉన్నారు. ఆమె తెలివి ఆమెదే. కాకపోతే హాస్టలు లేకపోతే ఆ తెలివి మిర్చి కల్లంలోనే ఉండిపోయేది. వార్తలోంచి హాస్టలును తీసేస్తే పాఠకుడికి మిగిలేది తెలివి ఒక్కటే. అప్పుడు హాస్టల్లో వార్డెన్ పోస్టు ఖాళీగా ఉందనో, మెస్ చార్జీలు ధరలతో పాటు పెరగలేదనో ఎవరైనా అంటే, "తెలివున్నవాళ్లు ఎక్కడున్నా చదువుతారు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది.

స్టాఫ్‌రూములో, తల్లిదండ్రుల మీటింగులో, ఆ జవాబు నేను విన్నాను. పరీక్ష తప్పిన పిల్లాణ్ని వాళ్ల నాన్న మా ముందే పేపరు కటింగు చూపించి తిట్టాడు. "దీనికి తండ్రి కూడా లేడు. నీకేం తక్కువైందిరా?" అన్నాడు. ఆ పిల్లాడు పొద్దున పాల కేంద్రంలో పని చేసి కాలేజీకి వచ్చేవాడు. మా కాలేజీలో ఆ ఏడాది చాలా నెలలు కెమిస్ట్రీ చెప్పేవాళ్లే లేరు. పిల్లలకు స్ఫూర్తినిస్తాయని మనం మురిసిపోయే వార్తే మరో ఇంట్లో కర్రగా మారుతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. రాజకీయ శాస్త్రవేత్త శాంతో అయ్యంగార్ అమెరికాలో టీవీ వార్తల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను 1991లో ప్రచురించాడు. పేదరికం మీద వార్తను కొందరికి ఒక మనిషి కథగా చూపించాడు, కొందరికి దేశ పరిస్థితిగా చూపించాడు. తర్వాత దీనికి బాధ్యులెవరని అడిగాడు. ఒక మనిషి కథ చూసినవాళ్లు ఎక్కువగా ఆ మనిషినే బాధ్యుణ్ని చేశారు. దేశ పరిస్థితిగా చూసినవాళ్లు ప్రభుత్వం వైపు, ఆర్థిక పరిస్థితుల వైపు చూశారు. జాలి కలిగేలా తీసిన వార్త కూడా చివరికి ఆ మనిషి మీదే భారం వేస్తుందన్నమాట. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు జిల్లా పేజీలే కళ్లముందు కనిపించాయి.

ఈ మధ్య కాలంలో యున్జీ కిమ్ అనే పరిశోధకురాలు వినోద కార్యక్రమాల మీద ఇలాంటి పనే చేసింది. మామూలు మనుషులు పోటీలో గెలిచి పైకొచ్చే రియాలిటీ షోలు చూసేకొద్దీ, కష్టపడితే ఎవరైనా ఎదగొచ్చన్న నమ్మకం అమెరికా ప్రేక్షకుల్లో పెరుగుతోందని 2023లో అచ్చయిన ఆమె పరిశోధన చెప్తుంది. బయట అసమానత పెరుగుతూ ఉన్నా ఆ నమ్మకం చెక్కుచెదరదు. మన పాటల పోటీలు, డ్యాన్సు పోటీలు చూసేవాళ్లకు "ఏవీ" అంటే, పోటీదారు ఇంటి కథ చూపించే ఆ చిన్న వీడియో అంటే, ఏమిటో చెప్పక్కర్లేదు. పాట మొదలయ్యే ముందు తెరమీద ఇల్లు, కట్టెల పొయ్యి, నాన్న చెప్పులు కుట్టే చోటు, వెనక వయొలిన్. జడ్జి కళ్లు తుడుచుకుంటారు. ఆ ఏవీలో పేదరికం ఆ కుర్రాడు స్టేజీ దాకా రావడానికి పడిన కష్టంగా మాత్రమే కనిపిస్తుంది. చెప్పులు కుట్టే పనికి మనం ఎంత ఇస్తున్నాం, ఆ పని ఒకే కులం మీద ఎందుకు పడింది అన్న ప్రశ్నలు ఏవీలోకి రావు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మలావత్ పూర్ణ కథ. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలోని గిరిజన కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి ప్రపంచంలోనే ఎత్తైన శిఖరం మీద నిలబడటం అబ్బురమే, అందులో అనుమానం లేదు. అయితే ఆమెనూ ఆనంద్‌నూ ఎంపిక చేసి, భువనగిరి కొండ మీద రాళ్లెక్కడం నేర్పించి, డార్జిలింగ్ పంపించి, ఖర్చంతా భరించింది సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ. ఎవరెస్టు వార్తలో గురుకులం పేరు వచ్చింది, అక్కడితో సరి. ఆ గురుకులాలు ఎలా పుట్టాయి, ఎవరి డిమాండుతో ఇన్ని అయ్యాయి, ఒక్కో విద్యార్థి మీద ఎంత ఖర్చు పెడుతున్నారు, అది సరిపోతోందా అని రాసినవాళ్లు తక్కువ.

ఈ కథ 1971 దాకా వెళ్తుంది. ఆ ఏడాది నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. ఇంట్లో చదివే వీలు లేని పిల్లలకు ఉండే చోటు, తిండి, టీచరు ఒకే దగ్గర ఇస్తే ఏమవుతుందో చూద్దామన్న ప్రయత్నం అది. యాభై ఏళ్లకు పైగా సాగిన ఆ ప్రయత్నానికి పూర్ణ ఒక ఫలితం. సమానత్వం మన దగ్గర నిజంగా ఎలా వస్తుందో చూపించగల కథ అది. దాన్ని మనం ఒక అమ్మాయి గుండె ధైర్యంగా కుదించేశాం. అవే గురుకులాల్లో పిల్లలు కలుషిత ఆహారం తిని ఆసుపత్రి పాలైనప్పుడు మాత్రం సంస్థ పేరు పెద్దక్షరాల్లో వస్తుంది. రావాలి కూడా, పిల్లల ప్రాణాలవి. కానీ గెలుపు పిల్లదీ వైఫల్యం సంస్థదీ అని ఇన్నేళ్లు చదివిన పాఠకుడు, ప్రభుత్వ బడి అంటే పనికిరానిదని అనుకోక ఏమనుకుంటాడు?

ఇంకో రకం వార్త ఉంది. "సీటొచ్చింది, ఫీజుకు దారి లేదు. దాతలు ఆదుకోవాలి." కింద ఫోన్ నంబరు, ఖాతా నంబరు. దీన్ని నేను తప్పు పట్టలేను. ఇలా వచ్చిన డబ్బుతో చదివిన పిల్లలు నాకు తెలుసు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఫేస్‌బుక్‌లో చూసి ఆ రాత్రికే పంపిన సందర్భాలున్నాయి. అయినా ప్రతిసారీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. చట్ట ప్రకారం, జీవో ప్రకారం ఆ పిల్లకు రావాల్సిన స్కాలర్‌షిప్పు ఏమైంది? 2025 నవంబరులో తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. ఆ బకాయిలకూ ఈ దాతల వార్తకూ సంబంధం ఉంది. రెండూ ఒకే పేపర్లో వేరే వేరే పేజీల్లో వస్తాయి. ఒక హక్కు ఆగిపోవడం వల్ల వచ్చిన కష్టం పాఠకుడికి దైవం పెట్టిన కష్టంలా కనిపిస్తుంది, దాత దేవుడిలా కనిపిస్తాడు. కాలేజీలో సీటు వచ్చినందుకు ఆ పిల్ల చెక్కు పట్టుకుని దండం పెడుతూ ఫొటో దిగాల్సి వస్తుంది. నా విద్యార్థులు అలా నిలబడటం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు పేదవాళ్లు ఒక్కొక్కరుగా కాకుండా అందరూ కలిసి ఏదైనా పొందినప్పుడు మీడియా ఏం చేస్తుందో చూద్దాం.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న వచ్చింది. మొదలైన వారం నుంచీ యూట్యూబ్ ఛానళ్లలో, టీవీ బులెటిన్లలో కనిపించింది ఒకటే. సీటు కోసం జుట్టు పట్టుకున్న ఆడవాళ్లు, కండక్టరుతో గొడవ, కిటికీలోంచి కర్చీఫు. 2024 ఆగస్టులో బస్సులో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్న మహిళల వీడియో వైరల్ అయితే దాని మీద రాజకీయ నాయకులు మాటల యుద్ధమే చేశారు. కూర్చున్న చోట చేతికి పని చెప్పుకోవడం కూడా మన దగ్గర చర్చనీయాంశమైంది!

నేను హనుమకొండ నుంచి నర్సంపేట వైపు రోజూ బస్సులోనే వెళ్తాను. రద్దీ పెరిగిన మాట నిజం, నిలబడే వెళ్తున్నాను. బస్సులు పెంచకుండా పథకం పెట్టారన్న విమర్శలో పూర్తి న్యాయం ఉంది. ఆటోవాళ్ల ఆదాయం పడిపోవడం మరింత తీవ్రమైన విషయం. వాళ్లూ పేదవాళ్లే, వాళ్ల గురించి ముందే ఆలోచించి ఉండాల్సింది. ఇవన్నీ వార్తలు కావాల్సిందే. మరి అదే బస్సులో ఉన్న మిగతావాళ్లు వార్త ఎందుకు కాలేదు? ఎనుమాముల మార్కెట్‌కు పనికి పోయేవాళ్లు, ఇళ్లలో పని చేయడానికి టౌనుకు వచ్చేవాళ్లు, ఎంజీఎం ఆసుపత్రికి షుగరు మందుల కోసం వెళ్లే ముసలివాళ్లు అందులోనే ఉంటారు. ఒకావిడ నాతో అంది, "ఇదివరకు చార్జీలకు ఎనకాముందు ఆడేదాన్ని బిడ్డా. ఒక నెల పోతే ఒక నెల పోకపోయేదాన్ని. ఇప్పుడు తారీఖు తారీఖుకు పోతున్న." ఒక మనిషికి మందు ఆగకుండా అందడం, ఒక అమ్మాయి దగ్గర్లోని నాసిరకం కాలేజీ వదిలి దూరంలోని మంచి కాలేజీకి రావడం, ఇవి మైకు ముందు పెట్టడానికి గొడవంత బాగుండవు. అందుకే బస్సులో ఆడవాళ్లకిచ్చే ఉచిత "జీరో టికెట్" అనగానే నా సహోద్యోగులకు గుర్తొచ్చేది జుట్టు పట్టుకున్న వీడియోనే. వాళ్లు చాలామంది బస్సే ఎక్కరు, చూసిందల్లా ఫోన్లోనే.

బొమ్మ ఎవరిదన్నది చిన్న విషయం కాదు. మార్టిన్ గిలెన్స్ అనే పరిశోధకుడు 1988 నుంచి 1992 వరకు అమెరికాలోని మూడు ప్రధాన వారపత్రికల్లో పేదరికం మీద వచ్చిన ఫొటోలు లెక్కపెట్టాడు. ఫొటోల్లోని పేదల్లో 62 శాతం నల్లజాతీయులు. వాస్తవంలో అక్కడి పేదల్లో వాళ్లు 29 శాతం. పేదలంటే ఎక్కువగా నల్లవాళ్లేనని నమ్మినవాళ్లలో సంక్షేమ పథకాల మీద వ్యతిరేకత కూడా ఎక్కువగా ఉందని తేల్చాడు. మన దగ్గర అలాంటి లెక్క ఎవరైనా కడితే బాగుండు. "ఉచితాలు" అనే చర్చ పక్కన ఏ మొహాలు వేస్తున్నారో, ఏ చీరకట్టు, ఏ యాస వినిపిస్తున్నారో చూస్తే చాలు, ఎవరి మీద కోపం తెప్పిస్తున్నారో అర్థమవుతుంది.

"మేం కట్టిన పన్నులతో" అన్న మాట కామెంట్లలో కనిపించని రోజు లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి 2025 సెప్టెంబరు దాకా ఆ వెల్లుల్లి ఒలిచిన ఆవిడ కొన్న ఒంటి సబ్బు మీద 18 శాతం పన్ను ఉంది. ఆవిడా కట్టింది. 2019 సెప్టెంబరు 20న కేంద్రం కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించింది. దీనివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ఆర్థిక మంత్రే చెప్పారు. ఆ రోజు సెన్సెక్స్ 1,900 పాయింట్లకు పైగా పెరిగింది, టీవీల్లో పండగ వాతావరణం. ఆ నిర్ణయం వల్ల ఉద్యోగాలు వస్తాయని వాదించవచ్చు, వాదించనీయండి. ఆ తర్వాత నెలనెలా ఆ కంపెనీల గేటు దగ్గర నిలబడి "మా పన్ను డబ్బులతో ఎన్ని ఉద్యోగాలిచ్చారు?" అని అడిగిన మైకును మాత్రం నేను చూడలేదు. బస్సులో ఆడవాళ్లను అడిగిన మైకును రోజూ చూశాను. 2022-23 నాటికి దేశ సంపదలో 40 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉందని పారిస్‌లోని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024లో ప్రకటిస్తే, అది బిజినెస్ పేజీలో ఒక రోజు వార్త. వెల్లుల్లి వీడియో రోజుల తరబడి నడిచింది.

విలేకరులు చెడ్డవాళ్లని నేననడం లేదు. కొట్టం ముందు ఫొటో తీసిన ఆ అబ్బాయి కూడా చెడ్డవాడు కాదు. మండలాల్లో రాసేవాళ్లలో ఎక్కువమంది కంట్రిబ్యూటర్లు. జీతం ఉండదు, అచ్చయిన వార్త కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ పెట్రోలుకు కూడా చాలదు. పైగా పంద్రాగస్టుకు, దసరాకు, పేపరు వార్షికోత్సవానికి యాడ్‌లు తెమ్మని టార్గెట్లు. మండలంలో యాడ్ ఇచ్చేది ఎవరు? ప్రైవేటు కాలేజీ, రియల్ ఎస్టేట్ వెంచరు, రాజకీయ నాయకుడు. ర్యాంకుల సీజన్లో మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు ఫొటోలతో యాడ్ వేసే కాలేజీలు పేపర్లకు ఎంత పెద్ద ఆదాయమో అందరికీ తెలుసు. ప్రభుత్వ కాలేజీ ఏ యాడూ ఇవ్వదు. ర్యాంకు అంటేనే విలువ, విలువ అంటేనే డబ్బు కట్టి కొనేది అని యాడ్ పేజీ చెప్తుంటే, దాని వెనక పేజీలో వార్త మరోలా ఎలా ఉంటుంది? ఆ అబ్బాయి, ఆఫీసులో వార్తలు ఎంచి దిద్దే డెస్కు అడిగింది పంపాడు.

డెస్కులో ఎవరున్నారన్నది మరో ప్రశ్న. ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి 2019లో ఇంగ్లీషు, హిందీ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 121 పదవులను పరిశీలిస్తే 106 పదవుల్లో అగ్రకులాలవాళ్లే ఉన్నారు. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. తెలుగు న్యూస్‌రూముల గురించి నేను కొత్తగా చెప్పాల్సింది లేదు, యాజమాన్యాల పేర్లు చదివితే చాలు. హాస్టల్లో పెరిగినవాళ్లు డెస్కు మీద ఉంటే "హాస్టలు" అన్న వాక్యాన్ని కొట్టేయరు. 2006లో ముంబైలో ఒక ఫ్యాషన్ వీక్‌కు 512 మంది జర్నలిస్టులు అక్రెడిటేషన్ తీసుకుంటే, అదే సమయంలో విదర్భ పత్తి రైతుల ఆత్మహత్యల మీద రాయడానికి ఆరుగురు కూడా లేరని పల్లెల గురించి రాసే జర్నలిస్టు పి. సాయినాథ్ ఎన్నో సభల్లో చెప్పాడు. ఆ ఫ్యాషన్ వీక్‌లో ప్రదర్శించింది నూలు దుస్తులే.

మన పత్రికలకు మరోలా రాయడం చేతకాదని మాత్రం నేను ఒప్పుకోను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠం, రోజూ ఇంట్లో పడుతున్న బాధ రెండూ కలిసి వాళ్లను కదిలించాయి. ఆ వార్తను "ధైర్యవంతురాలైన మహిళ" కథగా రాసి వదిలేయవచ్చు. ఆ ఊళ్లో ముందు నిలబడిన రోశమ్మ నిజంగా ధైర్యవంతురాలే కాబట్టి అదేమీ అబద్ధం కూడా కాదు. కానీ పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, అక్కడ ఆగలేదు. ఊరూరా ఏం జరుగుతోందో రోజూ రాశాయి. సారా మీద ప్రభుత్వానికి ఎంత ఆదాయం, వేలం పాటలు ఎవరు పాడుతున్నారు, కూలి డబ్బుల్లో ఎంత అందులో పోతోంది అన్నవి వార్తలయ్యాయి. తాగే మొగుడు ఒక ఇంటి ఖర్మ కాదనీ, దాని వెనక ఒక విధానం, ఒక వ్యాపారం ఉన్నాయనీ చదివేవాళ్లకు అర్థమైంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పత్రికలకు అందులో సొంత రాజకీయ లెక్కలు ఉన్నాయని అనేవాళ్లున్నారు, ఉండొచ్చు. ఆ నిషేధం ఎంతకాలం నిలిచిందన్నది వేరే చర్చ. నెల్లూరు పల్లెల్లోని ఆడవాళ్ల బాధ రాష్ట్ర విధానానికి సంబంధించిన ప్రశ్న అయింది, అదీ ఈ భాషలోనే, ఈ జిల్లా పేజీల్లోనే.

వచ్చే ఫలితాల రోజు కూడా మాణిక్యం వార్త రాయండి, ఫొటో వేయండి, తల్లి స్వీటు తినిపించనివ్వండి. దాని పక్కన చిన్న బాక్సు ఒకటి కట్టండి. ఈ పిల్ల ఏ హాస్టల్లో ఉండి చదివింది, ఆ హాస్టలుకు మెస్ బిల్లులు ఏ నెల దాకా వచ్చాయి, కాలేజీలో ఎన్ని లెక్చరరు పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఆమె క్లాసులో మిగతావాళ్లు ఎంతమంది పాసయ్యారు, స్కాలర్‌షిప్పు అందిందా లేదా. ఏ మండల విలేకరికైనా ప్రిన్సిపాల్ గదిలో అరగంట కూర్చుంటే దొరికే సమాచారం ఇది. మా కాలేజీకి వస్తే లెక్కలన్నీ నేనే తీసి ఇస్తాను.